ఒకే రంధ్రంలోకి పది పెల్లెట్లు: రైఫిల్ తూటాల్లో నిలకడ ఎక్కడి నుంచి వస్తుంది

(తిరుపతిలో రైఫిల్ షూటింగ్ నేర్చుకుంటున్న పిల్లలు, వాళ్ల కోచ్‌లు, తల్లిదండ్రుల ముందు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

ముందుగా ఎయిర్ రైఫిల్ టార్గెట్ కార్డు ఒకటి చేతిలోకి తీసుకోండి. 10 మీటర్ల కార్డులో పది అంటే నట్టనడుమ అర మిల్లీమీటరు చుక్క. తొమ్మిదో వలయం వ్యాసం 5.5 మి.మీ. అక్కడి నుంచి వలయానికి 5 మి.మీ. చొప్పున పెరుగుతూ ఒకటో వలయం 45.5 మి.మీ. దగ్గర ఆగుతుంది. పెల్లెట్, అంటే ఎయిర్ రైఫిల్ కాల్చే చిన్న సీసపు గుండు, వ్యాసం 4.5 మి.మీ. దాని అంచు ఆ చుక్కను తాకినా పదే. అంటే పెల్లెట్ నడిబొడ్డు, కార్డు నడిబొడ్డుకు 2.5 మి.మీ. దూరంలో పడినా 10.0 వస్తుంది. అక్కడి నుంచి లోపలికి ప్రతి 0.25 మి.మీ.కి ఒక దశాంశం పెరుగుతుంది. 10.9 కావాలంటే పావు మిల్లీమీటరు లోపల పడాలి. 60 షాట్లకు గరిష్ఠం 654.0. ఒక్కో షాటు పావు మిల్లీమీటరు లోపలికి జరిగితే మొత్తం స్కోరులో 6 పాయింట్లు. ఫైనల్‌కు వెళ్లిన పిల్లకూ తొమ్మిదో స్థానంలో ఆగిపోయిన పిల్లకూ మధ్య అంతకంటే తక్కువ తేడా ఉండే పోటీలు ఎన్నో.

ఆ పావు మిల్లీమీటరులో మన చేతిది ఎంత, రైఫిల్‌ది ఎంత, పెల్లెట్‌ది ఎంత? ఈరోజు మాట్లాడేది దీని గురించే. పెల్లెట్లను ఏరి, తూచి, తుడిచి నిలకడను తయారు చేసుకోవచ్చని చాలామంది అనుకుంటారు. నా మాట వేరు. నిలకడ ఫ్యాక్టరీలో పుడుతుంది. మన పని దాన్ని పరీక్షతో వెతికి పట్టుకోవడం, పట్టుకున్నాక చెడగొట్టకుండా వాడుకోవడం. ఏరడం, తూచడం ఆ తరవాతి సంగతి.

విదేశాల్లో చట్టం ఒప్పుకునే చోట్ల పెద్ద రైఫిళ్లతో పోటీపడేవాళ్లు తూటాలను సొంతంగా నింపుకుంటారు. దాన్ని హ్యాండ్‌లోడింగ్ అంటారు. మన దేశంలో 1959 ఆయుధాల చట్టం సెక్షన్ 5 ప్రకారం లైసెన్సు లేకుండా తూటాలు తయారు చేయకూడదు. కాబట్టి ఇంట్లో కూర్చుని చేసే పని కాదది, ఎవరూ ప్రయత్నించవద్దు. కానీ వాళ్లు దేని వెంట పడతారో తెలుసుకుంటే మన పెల్లెట్ డబ్బాను చూసే చూపు మారుతుంది. వాళ్ల మొదటి నియమం, ఇత్తడి కేసులన్నీ ఒకే తయారీవి, ఒకే లాట్‌వి (ఒకే విడతలో తయారైనవి), ఒకే సంఖ్యలో వాడినవి అయి ఉండాలి. ఇత్తడి కాల్చినప్పుడల్లా సాగుతుంది, సాగి సాగి గట్టిపడుతుంది. గట్టిపడిన మెడ బుల్లెట్‌ను ఒక్కోసారి ఒక్కోలా పట్టుకుంటుంది, పట్టు మారితే వేగం మారుతుంది. అందుకే మెడను లెక్క ప్రకారం వేడిచేసి మెత్తబరుస్తారు. తూటాలో నింపే పేలుడు మందు తూకంలో వాళ్లు గొడవపడే కొలత గ్రెయిన్‌లో పదో వంతు, అంటే దాదాపు 6.5 మిల్లీగ్రాములు. ఆ మందును అంటించే ప్రైమర్ లాట్ మారితే మళ్లీ మొదటి నుంచి పరీక్ష.

వాళ్ల దగ్గర నేర్చుకోవలసిన తెలివైన విషయం ఇంకొకటి ఉంది. తూటా పొడవును బుల్లెట్ కొన నుంచి కొలవరు. మ్యాచ్ బుల్లెట్ కొన ఎగుడుదిగుడుగా ఉంటుంది, దాన్ని కొలిస్తే వచ్చే అంకె ఏమీ చెప్పదు. బుల్లెట్ వంపులో బారెల్ లోపలి గాడిని ముందుగా తాకే చోటు ఒకటుంటుంది, అక్కడి నుంచి కొలుస్తారు. బారెల్‌కు తగిలేదాన్ని కొలవాలి, కంటికి కనిపించేదాన్ని కాదు. ఈ ఒక్క మాట మన పెల్లెట్‌కు అక్షరాలా వర్తిస్తుంది.

ఇప్పుడు మన లెక్కకు వద్దాం. మ్యాచ్ ఎయిర్ రైఫిల్ పెల్లెట్ బరువు దాదాపు 0.53 గ్రాములు, బారెల్ దాటేటప్పుడు వేగం సెకనుకు 170-175 మీటర్లు. 172 అనుకుందాం. 10 మీటర్లు దాటడానికి సుమారు 0.058 సెకన్లు. ఆ కాసేపట్లో భూమ్యాకర్షణ పెల్లెట్‌ను 16-17 మి.మీ. కిందికి లాగుతుంది. సైట్ సరిచేశాం కాబట్టి ఆ పతనం మనకు కనబడదు. కానీ ఒక పెల్లెట్ 3 మీటర్లు నెమ్మదిగా వెళ్లిందనుకోండి, అది 0.6 మి.మీ. కింద పడుతుంది. రెండు దశాంశాలు పోయినట్టే. పిల్ల చేతిలో తప్పు లేదు, ట్రిగ్గర్‌లో తప్పు లేదు.

50 మీటర్ల పోటీలో వాడే .22 రైఫిల్‌కి ఇదే లెక్క వేస్తే ఇంకా గట్టిగా తగులుతుంది. 325 మీటర్ల వేగంతో వెళ్లే తూటా 50 మీటర్లలో 115 మి.మీ. పైగా దిగుతుంది. వేగంలో 10 మీటర్ల తేడా వస్తే 7 మి.మీ. అక్కడి పది వలయం వ్యాసమే 10.4 మి.మీ. నిలువుగా సాగిన గ్రూప్ (కార్డు మీద షాట్ల గుంపు) కనబడగానే 'ఊపిరి సరిగ్గా పట్టలేదు' అని పిల్లల మీద పడిపోకండి. ముందు వేగం కొలవండి.

వేగం కొలిచేది క్రోనోగ్రాఫ్. క్లబ్‌కు ఒకటి చాలు, నలుగురు పంచుకోవచ్చు. కాంతి మీద పనిచేసే రకమైతే ఒక జాగ్రత్త. మన కరెంటు 50 హెర్ట్జ్, ట్యూబులైటు, చవక ఎల్ఈడీ లైటు సెకనుకు 100 సార్లు మినుకుతాయి. కంటికి తెలియదు, యంత్రానికి తెలుస్తుంది, అడ్డదిడ్డంగా అంకెలు ఇస్తుంది. పాతకాలపు ఫిలమెంట్ బల్బు వెలుగులో గానీ, క్రోనోగ్రాఫ్ సొంత ఇన్‌ఫ్రారెడ్ లైట్లతో గానీ వాడండి. మధ్యలో ఒకే ఒక రీడింగ్ 210 చూపిస్తే పెల్లెట్ ఎగిరిపోలేదు, యంత్రం తప్పు చదివింది. దాన్ని రాసుకుని పక్కన పెట్టండి, చెరిపేయకండి.

పది షాట్ల వేగాలు రాసుకున్నాక రెండు అంకెలు చూస్తాం. ఎక్కువకూ తక్కువకూ మధ్య తేడా ఒకటి, వేగాలు సగటు చుట్టూ ఎంత చెదిరాయో చెప్పే ప్రామాణిక విచలనం, అదే ఎస్‌డీ, రెండోది. ఇక్కడే అందరూ మోసపోతారు. అయిదు షాట్లతో వచ్చిన ఎస్‌డీ 1.0 అనుకోండి. అసలు ఎస్‌డీ 0.6 కావచ్చు, 2.9 కూడా కావచ్చు. నూటికి 95 పాళ్ల నమ్మకంతో చెప్పగలిగే హద్దు అంత వెడల్పు. పది షాట్లకు ఆ హద్దు 0.7 నుంచి 1.8 దాకా తగ్గుతుంది. పది షాట్లు కాల్చి 'ఈ డబ్బా ఎస్‌డీ 0.9, ఆ డబ్బాది 1.2, కాబట్టి ఇదే మేలు' అన్నామంటే నాణెం ఎగరేసి తేల్చినట్టే.

గ్రూప్ సైజు విషయంలో ఇంకా దారుణం. ఒకే రైఫిల్, ఒకే డబ్బా. మూడు షాట్ల గ్రూప్ సగటున 2.4 యూనిట్లు వస్తే, అయిదు షాట్లది 3.1, పది షాట్లది 3.8, ఇరవై షాట్లది 4.5 వస్తుంది. డబ్బా మారలేదు, షాట్లు పెరిగేకొద్దీ గ్రూప్ విప్పారుతుంది. కాబట్టి మీ అయిదు షాట్ల గ్రూప్‌ను పక్కవాడి పది షాట్ల గ్రూప్‌తో పోల్చడం తప్పు. ఇక ఒకే డబ్బా నుంచి వరసగా కాల్చిన అయిదు షాట్ల గ్రూపులు ఒకటి సగటులో ముప్పాతిక, ఇంకొకటి సగటుకు ఒకటింపావు రావడం మామూలే. మంచి గ్రూప్ వచ్చిన కార్డు ఒక్కటి ఫోన్‌లో ఫోటో తీసి, మిగతావి చెత్తబుట్టలో వేస్తే మనల్ని మనం మోసం చేసుకున్నట్టు. అన్ని కార్డులూ దాచండి. తేదీ, డబ్బా లాట్ నంబరు, పెల్లెట్ ముందు భాగం (హెడ్) సైజు, రైఫిల్ గాలి సిలిండర్ పీడనం, గది ఉష్ణోగ్రత కార్డు వెనక రాయండి.

గ్రూప్ కొలవడానికి రెండు పద్ధతులు. దూరంగా పడిన రెండు రంధ్రాల బయటి అంచుల మధ్య కొలిచి 4.5 తీసేయడం ఒకటి. ఇది రెండు షాట్ల మీదే ఆధారపడుతుంది, మిగతా ఎనిమిదీ ఉన్నా లేనట్టే. రెండోది సగటు వ్యాసార్ధం. ప్రతి షాటుకూ అడ్డం ఎంత, నిలువు ఎంత రాసుకుని, వాటి సగటు తీసి గ్రూప్ కేంద్రం కనుక్కుని, ఆ కేంద్రం నుంచి ఒక్కో షాటు ఎంత దూరమో లెక్కకట్టి సగటు తీయాలి. ఎలక్ట్రానిక్ టార్గెట్ ఉంటే అంకెలు అదే ఇస్తుంది, ఎక్సెల్‌లో అయిదు నిమిషాల పని. పది షాట్లూ మాట్లాడతాయి కాబట్టి ఈ పద్ధతే నమ్మండి. కాగితం మీదే కొలవాలంటే మన వాన కాలం గుర్తుంచుకోండి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల్లో కాగితం తేమ పీల్చి మెత్తబడుతుంది, రంధ్రం అంచు గుండ్రంగా తెగకుండా చిరుగుతుంది. వెనక గట్టి అట్ట పెట్టండి, కార్డులు డబ్బాలో మూతపెట్టి ఉంచండి.

ఇప్పుడు పరీక్ష ఎలా చేయాలో చెబుతాను. ఇది తొందరపడితే పనికిరాదు.

పెల్లెట్ డబ్బా మీద హెడ్ సైజు ఉంటుంది. 4.48, 4.49, 4.50, 4.51, 4.52, ఇలా నూరో వంతు మిల్లీమీటరు మెట్లు. గాడిలోకి సరిగ్గా కూర్చునేది ఈ హెడ్డే, వెనక ఉన్న స్కర్ట్ గాలి ఒత్తిడికి విచ్చుకుని బారెల్‌ను మూసేస్తుంది. ఏ రైఫిల్‌కు ఏ సైజు నప్పుతుందో ముందే ఎవరూ చెప్పలేరు. ఒకే కంపెనీ, ఒకే మోడల్ రైఫిళ్లు రెండు పక్కపక్కన పెడితే ఒకటి 4.49ని, ఇంకొకటి 4.51ని ఇష్టపడవచ్చు. అక్కకు నప్పిన డబ్బాను చెల్లికి కొనేముందు చెల్లి రైఫిల్‌ను అడగండి.

రైఫిల్‌ను వైస్‌లో, అంటే బల్లకు బిగించిన పట్టులో, బిగించాలి. బారెల్‌ను పట్టకూడదు, యాక్షన్‌ను (పెల్లెట్ ఎక్కించే యంత్ర భాగం) గానీ స్టాక్ (భుజానికి ఆనించే భాగం) రైలును గానీ తోలు ముక్కలో, మెత్తని చెక్కలో పట్టాలి. బిగించేముందు స్టాక్ మరలను రైఫిల్ పుస్తకంలో చెప్పిన టార్క్‌కు చూసుకోండి. వదులు మర ఒకటి ఉంటే ఎన్ని డబ్బాలు మార్చినా ఒకటే గోల. ఒక కార్డు మీద రెండు వేర్వేరు చిన్న గ్రూపులు కనిపిస్తే ముందు అనుమానించవలసింది మరల్నీ సైట్లనీ, పెల్లెట్లను కాదు.

నాలుగు డబ్బాలు పరీక్షిస్తున్నాం అనుకోండి. డబ్బా మార్చిన ప్రతిసారీ అయిదారు షాట్లు లెక్కలోకి తీసుకోకుండా వదలాలి, బారెల్‌లో పాత సీసం పూత పోయి కొత్తది కుదురుకోవాలి. తరవాత పది షాట్ల గ్రూప్. అలా ఒక్కో డబ్బాకు అయిదు గ్రూపులు, అంటే 50 షాట్లు. మొదటి డబ్బాలో 50 కాల్చేసి తరవాత రెండో డబ్బాకు వెళ్లకండి. గది వేడెక్కుతుంది, సిలిండర్ పీడనం తగ్గుతుంది, బారెల్ మురికి పడుతుంది. ఆ మార్పులన్నీ చివరి డబ్బా మీద పడతాయి. ఒకటి, రెండు, మూడు, నాలుగు అని ఒక రౌండు, నాలుగు, మూడు, రెండు, ఒకటి అని తరవాతి రౌండు. ముగ్గు వేసినట్టు అటూ ఇటూ తిరగాలి. వదిలే షాట్లతో కలిపి ఈ పరీక్షకు 300 పెల్లెట్లు కావాలి. 500 పెల్లెట్ల డబ్బాలో సగానికంటే ఎక్కువ. తల్లిదండ్రులకు ఇది వృథాగా కనబడుతుంది. కానీ తప్పుడు డబ్బాతో ఏడాదంతా సాధన చేయడం కంటే చాలా చవక.

వైస్ లేకపోతే? ఇసుక సంచుల మీద పెట్టి కాల్చవచ్చు, కానీ మనిషి తప్పు కలుస్తుంది. ఆ కలిసే తీరు మామూలు కూడిక కాదు, వర్గాల కూడిక. కొత్తగా నేర్చుకునే పిల్లవాడి చేతి చెదురు 4 మి.మీ., పెల్లెట్ చెదురు 1 మి.మీ. అనుకోండి. కలిపితే 16కి 1 కలిపి వర్గమూలం, 4.12. ఖరీదైన డబ్బా కొని పెల్లెట్ చెదురును అర మిల్లీమీటరుకు తగ్గిస్తే 4.03. అంత డబ్బు పెట్టి సంపాదించింది 0.09 మి.మీ. అదే డబ్బుతో ఇంకో నెల కోచింగ్ ఇప్పించి చేతి చెదురును 3 మి.మీ.కి తెస్తే 3.16. నేర్చుకోవడం మొదలుపెట్టి ఏడాది నిండని పిల్లలకు పెల్లెట్ల గురించి తల పట్టుకోవద్దని నేను గట్టిగా చెప్పేది ఇందుకే. మంచి కంపెనీ మ్యాచ్ డబ్బా ఒకటి, మధ్య సైజు 4.50, అంతే చాలు. 60 షాట్ల స్కోరు 620 దాటి, వైస్ గ్రూప్‌కూ చేతి గ్రూప్‌కూ దూరం తగ్గిన పిల్లలకే ఇక మీదట చెప్పేదంతా.

మంచి డబ్బా దొరికింది. ఇప్పుడు ఏరడం.

మొదట కంటితో. తెల్లని పళ్లెంలో పరిచి, పైనున్న లైటు కింద ఒక్కొక్కటే తిప్పి చూడండి. స్కర్ట్ నొక్కుకుపోయినవి, అంచున సీసం తునక అంటుకున్నవి, హెడ్ మీద గీత పడినవి తీసి సాధనకు వేయండి. స్కర్ట్ అంచే పెల్లెట్‌కు చుక్కాని. పెల్లెట్ బారెల్ వదిలే క్షణంలో గాలి ఆ అంచు చుట్టూ బయటికి దూకుతుంది. అంచు ఒక పక్క వంగి ఉంటే గాలి ఒక పక్కకు తోస్తుంది. తూకంలో తేడా కంటే ఈ తోపు చేసే చెడుపు ఎక్కువ. అసలు చాలా డబ్బాలు రవాణాలోనే, సంచిలో గలగలలాడుతూనే చెడిపోతాయి. మూత లోపలి స్పాంజి పారేయకండి.

తరవాత దొర్లించి చూడటం. లెవెల్ చేసిన గాజు పలక మీద, ఒక చివర స్కేలు ఆనించి, కొద్దిపాటి వాలులో పెల్లెట్‌ను వదలండి. హెడ్డూ స్కర్టూ ఒకే వ్యాసం కాదు కాబట్టి అది వంపు తిరుగుతూ దొర్లుతుంది. అన్నీ ఒకే వంపులో వెళ్లాలి. వేరే చోట తేలినవాటి స్కర్ట్‌లోనో హెడ్‌లోనో తేడా ఉంది. ఖర్చు లేని పరీక్ష, నా లెక్కలో తూకం కంటే విలువైనది. హెడ్ వ్యాసాన్ని వెర్నియర్‌తో మాత్రం కొలవకండి. సీసం మెత్తన, దవడలు నొక్కిన చోట కొలత మారిపోతుంది, పెల్లెట్ కూడా పోతుంది. దానికోసం రంధ్రాల పలక గేజ్‌లు ఉన్నాయి, పెల్లెట్ తన బరువుతోనే ఏ రంధ్రంలో దిగుతుందో చూడటం సరైన పద్ధతి.

ఆఖరున తూకం. నూరో వంతు గ్రాము చూపే చిన్న కాటాలు ఆన్‌లైన్‌లో చవగ్గా దొరుకుతాయి. అవి పనికిరావు. వాటి ఒక మెట్టు 10 మిల్లీగ్రాములు, పెల్లెట్ బరువులో దాదాపు 2 శాతం. మనకు కావలసింది బంగారం కొట్లలో వాడే మిల్లీగ్రాము కాటా. మన ఊళ్లో నగల కొట్లకు కొదవ లేదు, ఆ కాటా ఎలా వాడతారో అక్కడ నిలబడి చూడండి. గాజు తలుపు మూస్తారు, ఫ్యాను గాలి తగలనివ్వరు, ముందు తూకం రాయితో సరిచూస్తారు. మనమూ అంతే. అరగంట ముందు ఆన్ చేసి వేడెక్కనివ్వాలి, ప్రతి 50 పెల్లెట్లకూ తూకం రాయి పెట్టి చూడాలి. వేలితో కాదు, ప్లాస్టిక్ చిమటాతో పట్టాలి.

తూకం వల్ల ఎంత లాభం? గాలి ఇచ్చే శక్తి దాదాపు ఒకటే కాబట్టి, పెల్లెట్ 1 శాతం బరువైతే వేగం అర శాతం తగ్గుతుంది. 5 మిల్లీగ్రాముల తేడాకు 0.8 మీటర్ల వేగం, కార్డు మీద 0.15 మి.మీ. మంచి డబ్బాలో తూకం చూసి 528, 529, 530 అని మూడు కుప్పలు పోస్తే కార్డు మీద ఏమీ కనబడదు. 520 ఒకటి, 541 ఒకటి తగిలితే తీసి పక్కన పెట్టండి, తూకం పని అక్కడితో సరి. పోటీకి 60 మ్యాచ్ షాట్లు, ముందు సైటింగ్ షాట్లు, ఫైనల్ అన్నీ కలిపి 150 ఏరితే సరిపోతుంది. డబ్బా మొత్తం తూచి రాత్రుళ్లు నిద్ర పాడుచేసుకోనక్కర్లేదు.

పెల్లెట్ అమాయకమైనది, రైఫిల్ దొంగ అయిన సందర్భం ఒకటి ప్రత్యేకంగా చెప్పాలి. అది రెగ్యులేటర్. సిలిండర్‌లో గాలి పీడనం 200 బార్ ఉంటే, రెగ్యులేటర్ దాన్ని తగ్గించి ప్రతి షాటుకూ ఒకే పీడనం అందించాలి. లోపలి సీలు మీద దుమ్మో తేమో చేరితే, రెండు షాట్ల మధ్య ఖాళీ ఎక్కువైనప్పుడు పీడనం మెల్లగా పైకి పాకుతుంది. అప్పుడు విరామం తరవాత మొదటి షాటు వేగంగా వెళ్లి పైన పడుతుంది. పరీక్ష తేలిక. అర నిమిషానికి ఒకటి చొప్పున పది షాట్ల వేగం రాయండి. అయిదు నిమిషాలు ఆగి ఒకటి కాల్చండి. ఇలా మూడుసార్లు. ఆగిన ప్రతిసారీ మొదటి షాటు 3 మీటర్లు ఎక్కువ వస్తే రైఫిల్ సర్వీసుకు పోవాలి. ఆ సీలును ఇంట్లో విప్పకండి. సిలిండర్ పీడనం రెగ్యులేటర్ పీడనం కంటే కిందికి దిగితే ఆ తరవాత షాట్లన్నీ వరసగా కిందికి జారతాయి, అది వేరే రోగం, గాలి నింపితే నయం.

గాలి నింపేటప్పుడు నెమ్మదిగా నింపండి, వేడెక్కిన సిలిండర్ చల్లబడ్డాక పీడనం తగ్గుతుంది. తేమ ఫిల్టర్ ఉన్న కంప్రెసర్ నుంచే నింపాలి. నూనె చుక్క పడకూడదు, ఆక్సిజన్ ఎప్పటికీ నింపకూడదు, అది పేలుడు. తయారీదారులు మ్యాచ్ సిలిండర్‌కు చెప్పే గడువు సాధారణంగా 10 ఏళ్లు, తేదీ దాని మీదే ఉంటుంది. మే నెలలో 40 డిగ్రీలు దాటే ఎండలో, ఆపి ఉంచిన కారులో సిలిండర్ వదలకండి.

.22 గురించి తక్కువ చెప్పినా సరిపోతుంది, ఎందుకంటే అక్కడ మన చేతిలో ఉన్నది లాట్ పరీక్ష ఒక్కటే. రిమ్‌ఫైర్ తూటాలో పేలే మందు కేసు అంచు మడతలో ఉంటుంది, దాన్ని ఎవరూ మళ్లీ నింపరు. రిమ్ మందం కొలిచి ఏరేవాళ్లున్నారు. చవక తూటాల్లో కొంత తేడా చూపవచ్చు, మంచి మ్యాచ్ తూటాల్లో ఆ శ్రమకు తగ్గ ఫలితం రాదు. మొత్తం తూటాను తూచి ఏరడం ఇంకా పస లేని పని, ఎక్కువైన బరువు ఇత్తడిదో, సీసానిదో, మైనానిదో, మందుదో చెప్పలేం. ఒకే లాట్ అంటే ఒకే విడతలో వచ్చిన సరుకు. నాలుగైదు లాట్లు, ఒక్కోటి 50 షాట్లు, ఇందాకటి ముగ్గు క్రమంలోనే, 50 మీటర్ల దగ్గర. లాట్ మారినప్పుడు 10-20 షాట్లు వదలండి, ఎందుకంటే ఒక్కో కంపెనీ మైనం ఒక్కో రకం. గెలిచిన లాట్‌ను సీజన్‌కు సరిపడా ఒకేసారి తీసుకోండి. అదే పేరు, అదే రంగు పెట్టె, వేరే లాట్ నంబరు వస్తే అది వేరే తూటా కిందే లెక్క. ఎండలో పెట్టిన పెట్టె నుంచి, నీడలో పెట్టిన పెట్టె నుంచి కలిపి కాల్చకండి, మందు వేడెక్కితే వేగం పెరుగుతుంది. నేల మీద పడిన తూటాను ఊది మళ్లీ ఎక్కించవద్దు, మైనానికి అంటిన ఇసుక బారెల్ లోపల గీస్తుంది.

ఇక ప్రశ్నలుంటే అడగండి.

(ఒక తల్లి: 'సార్, పెల్లెట్లను కడిగి నూనె రాయాలంటున్నారు, నిజమేనా?')

మ్యాచ్ పెల్లెట్లకు అక్కర్లేదమ్మా. ఫ్యాక్టరీలోనే పలచని పూత ఉంటుంది, కడిగితే అది పోతుంది, కడిగేటప్పుడు ఒకదానికొకటి తగిలి స్కర్టులు నొక్కుకుంటాయి. స్ప్రింగ్ రైఫిల్‌లో నూనె ఎక్కువైతే ఒత్తిడికి అది మండుతుంది కూడా, వేగం పిచ్చిగా మారుతుంది. తెల్లని బూజులాంటి పొడి పట్టిన డబ్బా ఉంటే అది తేమకు పాడైన సీసం, కడగవద్దు, వాడవద్దు. కొత్త డబ్బాలను సిలికా జెల్ పొట్లంతో గాలి చొరని డబ్బాలో పెట్టండి, వానాకాలమంతా బాగుంటాయి. బారెల్‌కు మాత్రం ప్రతి 500 షాట్లకు రెండు మూడు ఫెల్ట్ (ఒత్తిన ఉన్ని) పెల్లెట్లు కాల్చి శుభ్రం చేయండి, ఆ తరవాత 10 షాట్లు కుదురుకోవడానికి వదిలి కార్డు పెట్టండి.

(ఒక విద్యార్థి: 'పెల్లెట్ పెట్టేటప్పుడు ఎంత గట్టిగా నొక్కాలి?')

ఎంత అన్నది కాదు నాయనా, ప్రతిసారీ అంతే ఉండాలి. నిటారుగా, వేలి మెత్తతో, గాడిలో కుదురుకునేదాకా. వంకరగా పెట్టి బోల్టుతో తోయిస్తే ఏరి, తూచి తెచ్చిన పెల్లెట్ స్కర్ట్ అక్కడే వంగిపోతుంది. ఇంకో మాట, అందరూ వినండి. పట్టుకున్నది సీసం. రేంజ్‌లో తినకూడదు, తాగకూడదు, పెల్లెట్లు నోట్లో పెట్టుకోకూడదు. బయటికి వెళ్లగానే చన్నీళ్లతో, సబ్బుతో మోచేతుల దాకా కడుక్కోండి. పెల్లెట్ ట్రాప్ వెనక పోగయిన పొడిని చీపురుతో ఊడవకండి, దుమ్ము లేస్తుంది. తడి గుడ్డతో తుడిచి, ఆ గుడ్డను సంచిలో కట్టి విడిగా పెట్టండి. ఇంట్లో చంటిపిల్లలుంటే షూటింగ్ జాకెట్ వాళ్ల బట్టలతో కలిపి ఉతకవద్దు.